నూట పన్నెండు పట్టాలు

లోకనాథం పోయిన కబురు బుధవారం వచ్చింది. అప్పలకొండ టీచరు ఎనిమిదో తరగతి పిల్లలకు సంధులు చెబుతుండగా ఓడ కంపెనీవాళ్ళు ఫోను చేశారు. తుపానులో ఓడ మునిగిందనీ, పదకొండు మంది దొరికారనీ, ఫిట్టరు లోకనాథం మాత్రం దొరకలేదనీ అటువైపు మనిషి హిందీలో రెండుసార్లు చెప్పాడు. ఆమె సరేనంది. ఫోను సంచిలో పెట్టి, బోర్డు మీద సగంలో ఆగిన ఉదాహరణ పూర్తిచేసి, సుద్దముక్క బల్ల మీద ఉంచింది. ఆ తరువాత ఏం రాయాలో తోచలేదు. ఆమెకున్నది ఆ ఒక్క తమ్ముడే.

నాలుగు రోజులకు రెండో ఫోను వచ్చింది. ఓడ మునిగిన చోటికి దగ్గరలో ఉన్న లువాటి అనే దీవి నుంచి. మాట్లాడింది అక్కడి బడిలో టీచరు, పేరు మెలే. ఇద్దరి ఇంగ్లీషూ పాఠ్యపుస్తకంలోదే కాబట్టి ఒకరిది ఒకరికి బాగా అర్థమైంది.

“మీ తమ్ముడు దొరికాడు. మా బడి వెనక గుట్ట మీద పూడ్చిపెడుతున్నాం. మీవాళ్ళు తల ఏ దిక్కుకు పెడతారు?”

“దక్షిణానికి,” అంది టీచరు.

తక్కిన సంగతి బతికి వచ్చినవాళ్ళ వల్ల తెలిసింది. ఆ తుపానుకే లువాటిలో నూట పన్నెండు ఇళ్ళ కప్పులు ఎగిరిపోయాయి. ఒక్క ఇంటికీ మిగల్లేదు. మగవాళ్ళు ఇళ్ళు బాగుచేసుకోవడం మానేసి, నాలుగు రోజులపాటు పడవలేసుకుని, ముక్కూమొహం తెలియని ఫిట్టరు కోసం సముద్రమంతా గాలించారు. ఆ నాలుగు రోజుల్లో కురిసిన జల్లులకు వాళ్ళ గింజలన్నీ తడిసి మొలకలెత్తాయి.

పదకొండో రోజు వెళ్ళాక టీచరు తనే మెలేకు ఫోను చేసి, మీకేం కావాలని అడిగింది.

“ఇళ్ళ మీద కప్పుకోడానికి టార్పాలిన్లు,” అంది మెలే. “రెండు నెలల్లో మాకు వానాకాలం. అప్పటిదాకా కర్రా ఆకూ దొరకవు. గుడ్డలూ తిండీ వద్దు. టార్పాలిన్లు చాలు.”

ఇక్కడ కళింగవలస మండలం సంగతి కొంచెం చెప్పుకోవాలి.

అప్పటికి నెల కిందట పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. ప్రపంచం కుగ్రామమైపోయింది కనుక, ప్రతి మండలమూ ఒక విదేశీ విపత్తును దత్తత తీసుకుని ఆదుకోవాలని దాని సారాంశం. ‘ఒక మండలం, ఒక విపత్తు’ అని గోడల మీద రాశారు. జిల్లాలో మండలాలన్నీ విపత్తుల మీద పడ్డాయి. పక్క మండలంవాళ్ళు చురుకైనవాళ్ళు, అగ్నిపర్వతాన్ని తన్నుకుపోయారు. దాని పక్కవాళ్ళకు భూకంపం దక్కింది. ఆలస్యంగా మేలుకున్న కళింగవలసకు ఎక్కడో ఎడారిలో మిడతల దండు మిగిలింది. మిడతలకు ఎలాంటి ఫ్లెక్సీ వెయ్యాలో ఎవరికీ పాలుపోలేదు. ఎన్నికల్లో గెలిచి మండల విపత్తు దత్తత సంఘానికీ అధ్యక్షుడైన జోగినాయుడు ఆ దిగులుతో రెండు పూటలు భోజనం మానేశాడని చెప్పుకున్నారు.

అలాంటి సమయంలో, ఒక సోమవారం, అర్జీలు తీసుకునే వరసలో అప్పలకొండ టీచరు నిలబడింది.

అర్జీ ఆమె ఎంతో జాగ్రత్తగా రాసింది. మొదట టార్పాలిన్లు అని రాసి కొట్టేసింది. తెలుగు టీచరు రాసే అర్జీలో తెలుగు మాట ఉంటే బాగుంటుందనుకుంది. వాళ్ళ రేవులో పడవ మీద కప్పినా, చేపల మీద కప్పినా, కళ్ళంలో ధాన్యం మీద కప్పినా దాన్ని పట్టా అనే అంటారు. కనుక ఇలా రాసింది: ‘లువాటి దీవిలో తుపానుకు దెబ్బతిన్న నూట పన్నెండు ఇళ్ళకు, వానలు పడేలోగా, పట్టాలు ఇప్పించవలసినదిగా కోరుతున్నాను.’

ఇరవై రెండేళ్ళుగా పిల్లల వాక్యాలు దిద్దిన మనిషి. ఆ వాక్యంలో ఒక్క తప్పు కూడా లేదు. తరువాత జరిగినదంతా ఆ వాక్యం వల్లనే జరిగింది.

మర్నాడు ఆమె ఫోనుకు సందేశం వచ్చింది: ‘మీ అర్జీ ఇళ్ళ స్థలాల విభాగమునకు బదిలీ చేయబడినది. లబ్ధిదారుల సంఖ్య 112. అభినందనలు.’

టీచరు బడికి సెలవు పెట్టి తహసిల్దారు భగవాన్ పట్నాయక్ దగ్గరకు పరుగెత్తింది. ఆయన లేచి నిలబడి నమస్కారం చేశాడు. మిడతల బెడద వదిలించి, దత్తతకు తుపానును తెచ్చిపెట్టిన మనిషి మీద ఆయనకు ఎంతో గౌరవం ఏర్పడింది.

“కూర్చోండి టీచరుగారూ. మీ సోదరుని అకాల మరణానికి ఈ కార్యాలయం ప్రగాఢ సంతాపం వ్యక్తం చేస్తున్నది. తీర్మానం ప్రతి తపాలాలో వస్తుంది.”

“సార్, నేనడిగింది ఇళ్ళ పట్టాలు కాదు. కప్పే పట్టాలు.”

ఆయన అర్జీ తెప్పించి చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

“‘ఇళ్ళకు పట్టాలు’ అనే ఉందమ్మా. మీ దస్తూరీయే కదా?”

“నాదే సార్. కాని పట్టాకు నానార్థాలున్నాయి. భూమి పట్టా ఉంది, రైలు పట్టా ఉంది, చదువుకున్నవాళ్ళకిచ్చే పట్టా ఉంది, వానకు కప్పే పట్టా ఉంది.”

“నానార్థాలు మీ బడిలో ఉంటాయమ్మా. రెవెన్యూలో ఒక మాటకు ఒకటే అర్థం. రెండోది పుట్టిందంటే కోర్టుకు పోతుంది.”

“పోనీ, మార్చి రాసిస్తాను.”

“విషయం ఒకసారి నమోదయ్యాక కంప్యూటరు మార్చనివ్వదు. అర్జీదారు మరణించినచో మూసివేయడానికి మాత్రం వెసులుబాటు ఉంది.” ఎదుటి మనిషి ఇంట్లో చావు జరిగిందని ఆయనకు గుర్తొచ్చినట్టుంది, గొంతు తగ్గించాడు. “ఆ వెసులుబాటు మీకు వద్దు లెండి.”

“మరి టార్పాలిన్లు ఎవరిస్తారు సార్?”

“వ్యవసాయ శాఖ. కాని పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్ళకే ఇస్తారు. పాసుపుస్తకం రావాలంటే ముందు పట్టా ఉండాలి.” ఆయన ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. “చూశారా! మీరు దారిలోనే ఉన్నారు. మేం ఈ పట్టా ఇస్తాం. ఈ పట్టా చూపించి వాళ్ళు ఆ పట్టా తెచ్చుకుంటారు. ఇందులో ఇబ్బంది ఎక్కడుంది?”

ఆయన చెప్పినదాంట్లో కూడా తప్పు లేదు.

పట్టా ఇవ్వాలంటే స్థలం కావాలి. పరాయి దేశంలో మన తహసిల్దారు స్థలం ఇవ్వకూడదు కనుక, మన మండలంలోనే వెతికారు. సర్వే నంబరు 214 దొరికింది. అది ఆటుకు స్థలం, పోటుకు సముద్రం. సర్వేయరు త్రినాథ్ ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి రెండు రోజులు కొలిచాడు.

“సార్, టేపు తేలిపోతన్నాది సార్,” అని నీళ్ళలోంచి కేకేశాడు.

“తేలనివ్వవయ్యా. నువ్వు అంకె రాసుకో,” అన్నాడు తహసిల్దారు ఒడ్డునుంచి.

ఒక్కో ప్లాటుకు నాలుగు హద్దులు రాశారు. పడమర రొయ్యల చెరువు. ఉత్తరం, దక్షిణం ఇతర లబ్ధిదారులు. తూర్పున సముద్రము, దాని తరువాత లబ్ధిదారుడు.

ఆ తరువాత అర్హతల వంతు వచ్చింది. ప్రతి కుటుంబమూ ఇంటి ముందు నిలబడి తీయించుకున్న ఫొటో కావాలన్నారు. మెలే పాపం నూట పన్నెండు కుటుంబాలనూ నిలబెట్టి, తీసి, పంపింది. నలభై ఫొటోలు ‘గోడలున్నవి, కావున ఇల్లున్నట్లే’ అని తిరిగొచ్చాయి. డెబ్బై రెండు ‘ఇల్లు కనబడుటలేదు’ అని తిరిగొచ్చాయి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉందని మొత్తం నూట పన్నెండు దరఖాస్తులూ మళ్ళీ వచ్చాయి.

“మాకు ఇంటిపేర్లు లేవు,” అంది మెలే ఫోనులో.

ఆ మాట టీచరు తన వీధిలో ఎండుచేపలమ్మే పోలమ్మకు చెప్పింది. పోలమ్మ కొడుకు సూరిబాబు, ఓడ నుంచి బతికి బయటపడిన పదకొండు మందిలో ఒకడు.

“ఓలమ్మో! ఇళ్లే ఎగిరిపోయినాక ఇంటిపేరెక్కడ మిగిల్తాదే? గాలికి అదీ ఎగిరిపోనాదని రాసీమను,” అంది పోలమ్మ.

టీచరు ఆ మాట రాయలేదు. అందరికీ ఇంటిపేరు లువాటి అని రాసింది. కంప్యూటరు ఒప్పుకుంది. తండ్రి పేరు, భర్త పేరు, తెల్లకార్డు నంబరు, గ్రామ రెవెన్యూ అధికారి సంతకం కూడా అడిగారు. సంతకానికి మెలే ఊరి పెద్ద వేలిముద్ర వేయించింది. ఒకనాడు మెలే నెమ్మదిగా అడిగింది.

“టార్పాలిన్లు ఇవ్వడానికి మీ దేశంలో ఇన్ని వివరాలు కావాలా?”

అవునంటే అబద్ధం, కాదంటే నిజం చెప్పాలి.

“నేను రాయడంలో ఒక పొరపాటు జరిగింది,” అంది చివరికి. “దిద్దుతున్నాను.”

“తొందరగా దిద్దండి. నిన్న దక్షిణపు గాలి తిరిగింది.”

ఒకపక్క గాలి తిరుగుతుంటే ఇక్కడ సభ తేదీ ఖరారైంది. తేదీ ఖరారయ్యాక అర్హతలన్నీ వాటంతటవే సమకూరాయి. గోడలున్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకేసారి అర్హులయ్యారు. జూనియర్ కాలేజీ మైదానంలో పట్టాల పంపిణీ మహోత్సవం. పుచ్చుకునేవాళ్ళు సముద్రానికవతల ఉన్నారు కనుక, వాళ్ళ బదులు నిలబడడానికి నూట పన్నెండు మంది స్థానికులను తెచ్చి ‘ప్రతినిధి లబ్ధిదారులు’ అని బ్యాడ్జీలు తగిలించారు. పోలమ్మకు తవీటా అనే ముసలాయన పేరు వచ్చింది.

ఫొటోలో బాగా కనబడాలని జోగినాయుడు ఒక్కో పట్టానూ గజం పొడవున అచ్చువేయించాడు. దళసరి ప్లాస్టిక్ తొడిగించి, పై సగంలో తన బొమ్మ వేయించుకున్నాడు. మీసం స్పష్టంగా పడింది.

“ఈ రోజు చరిత్రలో సువర్ణాక్షరాలతో లిఖించదగిన రోజు,” అన్నాడు మైకులో. “గూడు చెదిరిన పక్షులకు గూడు కల్పించాం. పక్క మండలంవాళ్ళు అగ్నిపర్వతానికి ఏమిచ్చారు? దుప్పట్లు! వేడికి దుప్పట్లిస్తారా ఎవరైనా? మనం శాశ్వత పరిష్కారం ఇచ్చాం. మన సముద్రమే వాళ్ళ సముద్రం. మన పోటే వాళ్ళ పోటు!”

చప్పట్లు మోగాయి. పోలమ్మ వంతు వచ్చింది. ఆమె తవీటా పట్టా అందుకుని, దిగిపోకుండా మైకు దగ్గరే నిలబడిపోయింది.

“ఒక మాటండి, నాయుడుబాబూ. నాను పుట్టింది ఈ ఊర్లోనే. ముప్పయ్యేళ్ళ నుంచి ఇంటిస్తలం ఇమ్మని తిరగతన్నాను. నాకేమో నేదన్నారు. మరి ఈ తవీటాగారికి నెల్రోజుల్లో ఎలగొచ్చీసినాది? ఆ తోవేటో నాకూ సెప్పండి.”

“నీకు విపత్తు రాలేదు కదే పోలమ్మా,” అన్నాడు జోగినాయుడు నవ్వుతూ.

“రానేదా? మిమ్మల్ని గెలిపించినాం గదా!”

మైదానం గొల్లున నవ్వింది. తహసిల్దారు లేచి జనగణమన పెట్టించాడు. అందరూ నిటారుగా నిలబడవలసి వచ్చింది.

టీచరు కూడా నిలబడింది. అప్పటికి చిన్న తుంపర మొదలైంది, కాని ఎవరి మీదా చినుకు పడలేదు. ఆమె తలెత్తి చూసింది. వేదిక మొదలు వంటల పందిరి దాకా మైదానమంతా నీలంరంగు పట్టాలు కప్పి ఉన్నాయి. పాట అయ్యేలోగా లెక్కపెట్టింది. రెండు వందల నలభై. ఇంటికి రెండు చొప్పున వేసినా ఇంకా మిగులుతాయి.

సభ ముగిశాక వాటిని విప్పుతున్న పందిళ్ళ కాంట్రాక్టరు దగ్గరకు వెళ్ళింది. “ఇవి అమ్ముతారా? పాతవైనా ఫరవాలేదు, లువాటికి పంపుతాం.”

అతను నొచ్చుకున్నాడు. “ఇవి సహాయం సభకి తెచ్చినవి టీచరుగారూ, సహాయానికి తెచ్చినవి కాదు. రేపు ఇంకో మండలంలో భూకంపం సభ ఉంది.”

ప్లాస్టిక్ తొడిగిన నూట పన్నెండు పట్టాలూ పెట్టెలో పెట్టి, జెండా ఊపి, విమానంలో పంపారు. మూడు వారాలకు మెలే ఫోను చేసింది.

“పెట్టె అందింది. మంచి ప్లాస్టిక్, నీళ్ళు దిగడం లేదు. అన్నీ కలిపి కుట్టి మేకల పాక మీద వేశాం. మొదట ఆ మీసాలాయన బొమ్మ కిందికి పెట్టాం. మేకలు లోపలికి రానన్నాయి. పైకి తిప్పాం, ఇప్పుడు వస్తున్నాయి. ఈసారి పంపితే రాత లేకుండా, ఇంకొంచెం పెద్దవి పంపుతారా? మనుషుల ఇళ్ళకు సరిపోయేవి?”

టీచరు ఆ సంగతి ఉన్నదున్నట్టు తహసిల్దారుకు రాసి ఇచ్చింది. ఆయనకు సిగ్గేస్తుందనుకుంది. ఆయన అది చదివి ఎంతో తృప్తిపడ్డాడు. ‘లబ్ధిదారులు పట్టాలను నూటికి నూరుపాళ్ళు వినియోగంలోకి తెచ్చుకొనియున్నారు’ అని రాసి, ఆమె కాగితాన్నే వినియోగ ధ్రువీకరణ పత్రంగా జతచేసి పైకి పంపాడు. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది: ‘లువాటి విపత్తు గత శుక్రవారం సాయంత్రం అయిదు గంటలకు ముగిసినట్లు ప్రకటించడమైనది.’ కళింగవలసకు జిల్లాలో ఉత్తమ విపత్తు మండలమని జ్ఞాపిక వచ్చింది. జోగినాయుడు కొత్త విపత్తు కోసం పేపర్లు తిరగేయడం మొదలుపెట్టాడు.

ఆ రోజు టీచరు పోలమ్మ అరుగు మీద కూర్చుని ఆ ఉత్తర్వు చదివి వినిపించింది. పోలమ్మ నెత్తళ్ళ చేపలు ఏరుతూ విని, అడిగింది.

“టీచరమ్మా, నాకు తెలవక అడగతాను. ఆ దీవిలో సంత నేదా?”

“ఏమిటి?”

“మడుసులున్న కాడ సంత ఉంటాది గదా. ఇక్కడినుంచి ఇమానంలో మోసుకెళ్ళడమెందుకు? ఆ పట్టాలేటో ఆళ్ళకాడ అమ్మరా? ఆ పిల్లని అడిగినావా?”

టీచరు అడగలేదు. మీకేం కావాలని అడిగింది, ఎన్ని కావాలని అడిగింది. అది మీకెక్కడ దొరుకుతుందని మాత్రం రెండు నెలల్లో ఒక్కసారీ అడగలేదు. అప్పటికప్పుడే ఫోను చేసింది.

“దొరుకుతాయి. ఎందుకు దొరకవు?” అంది మెలే. “పక్క దీవిలో పెద్ద అంగడి ఉంది. గురువారం గురువారం పడవ వెళ్తుంది. మా దగ్గర కొనడానికి డబ్బు లేదు, అంతే. మా పడవల సంఘానికి పంపితే మేమే కొని తెచ్చుకుంటాం. ఏ ఇంటికి ముందు వెయ్యాలో మాకు తెలుసు. పసిపిల్లలున్న ఇళ్ళు మొదట.”

“ముందే చెప్పలేకపోయారా?”

“మీరు పంపుతున్నామన్నారు. పంపేవాళ్ళకు దారి చెప్పడం మర్యాద కాదు కదా.”

సూరిబాబు, తక్కిన పదిమందీ తమకు రావలసిన పరిహారంలో కొంత ఆ సంఘానికే కట్టమని ఓడ కంపెనీకి రాశారు. టీచరు లోకనాథం తరఫున మొదటి విడతగా వచ్చిన కాస్తా కట్టమని రాసింది. కాగితాల మీద సంతకాలు పెట్టడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. రెండో గురువారానికి మెలే ఫొటో పంపింది. కొండవాలున ముప్పయి ఒక్క ఇళ్ళు, ముప్పయి ఒక్క నీలం కప్పులు. డబ్బు అంతవరకే సరిపోయింది. ఒక కప్పు కింద నిలబడి పిల్లలు చేతులు బయటికి చాపి, చినుకులు పడుతున్నాయో లేదో చూస్తున్నారు.

పోలమ్మ ఫొటోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది. “ఈటిలో తవీటాగారిల్లేది?”

“ఇందులో లేదు. ఆయన ఒక్కడే ఉంటాడట. పిల్లలున్న ఇళ్ళకు ముందు వేశారు.”

“ముసిలోడు తడిసిపోతాడు గదే,” అంది పోలమ్మ.

ఫొటో సంగతి ఊళ్ళో పాకి తహసిల్దారు కార్యాలయం దాకా వెళ్ళింది. మూడో రోజు టీచరుకు తాఖీదు వచ్చింది. ఇప్పటికే పట్టాలు పొందిన నూట పన్నెండు మందిలో ముప్పయి ఒక్కరికి, కార్యాలయానికి తెలియకుండా, రెండోసారి పట్టాలు ఇప్పించడం రెట్టింపు లబ్ధి కిందికి వస్తుంది. పైగా ముగిసినట్లు ప్రకటించిన విపత్తుకు సహాయం చేయడం ఉత్తర్వుల ధిక్కారం. ఏడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వాలి.

టీచరు మళ్ళీ తహసిల్దారు ఎదుట కూర్చుంది.

“మీమీద నాకు గౌరవం ఉందమ్మా,” అన్నాడాయన. “కాని నా ఇబ్బంది చూడండి. మొదటి పట్టాకు, రెండో పట్టాకు తేడా ఏమిటని ఆడిట్‌వాళ్ళు అడిగితే నేనేం చెప్పాలి?”

“రెండోదాంట్లోంచి నీళ్ళు దిగవని చెప్పండి సార్.”

“మొదటిదాంట్లోంచీ దిగవని మీరే రాసిచ్చారు. ఫైల్లో ఉంది.”

అదీ నిజమే. ఆమె సంజాయిషీ అక్కడే కూర్చుని రాసింది. ముప్పయి ఒక్క ఇళ్ళకు కప్పు వేయించిన మాట వాస్తవమనీ, చేతనైతే తక్కినవాటికీ వేయించే ఉద్దేశం ఉందనీ, ఏ శిక్ష వేసినా వానలు తగ్గాక వెయ్యవలసిందనీ రాసి సంతకం చేసింది. ఆయన చదివి, చివరి వాక్యంలో కర్మణి ప్రయోగం లేదని తిరిగి ఇచ్చాడు. ఆమె మార్చలేదు.

బయటికి వచ్చేసరికి పోలమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. బుట్టలో చేపలు లేవు. తక్కిన కప్పులకు చందా అడగడానికి, రేవులో ఓడలకు పోయే మగవాళ్ళున్న ఇళ్ళెన్నో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది. ఇద్దరూ రేవువైపు నడిచారు.

లువాటిలో వానలు మొదలై పన్నెండు రోజులయింది. ఎనభై ఒక్క ఇళ్ళకు ఇంకా కప్పు లేదు.